గోలీ వేసుకోని రోజులు



మీ ఇంట్లో ఎవరైనా కేన్సర్‌కు గోలీలు వాడుతుంటే, ఎవరో ఒకరు లేచి ఆ గోలీల సంచీ తెచ్చి పక్కన పెట్టుకోండి. రేడియోతో ఉన్న సుఖమే అది, వినేవాళ్ల చేతులు ఖాళీగా ఉంటాయి. కాసేపయ్యాక ఆ స్ట్రిప్పులు లెక్కపెట్టమంటాను.

నేను ఫార్మసిస్టుని. ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీకి లోపలివైపు నిలబడే మనిషిని. ఉండేది రాజేంద్రనగర్‌లో, శివరాంపల్లి వైపు. పొద్దున ఆరాంఘర్ చౌరస్తాలో బస్సెక్కితే నాతోపాటు ఎక్కేవాళ్లలో ఇద్దరో ముగ్గురో చేతిలో ఎక్స్‌రే కవర్లు పట్టుకుని ఉంటారు. షాద్‌నగర్ నుంచి, కొత్తూరు నుంచి, శంషాబాద్ చుట్టుపక్కల తండాల నుంచి తెల్లవారుజామునే బయల్దేరినవాళ్లు. కొందరు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రికి, కొందరు పంజాగుట్టలోని నిమ్స్‌కి, కొందరు బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రికి. సాయంత్రం తిరుగు బస్సులో వాళ్ల చేతిలో ఇంకో సంచీ కూడా ఉంటుంది. ఆ రెండో సంచీ గురించే ఈ రోజు నా ప్రసంగం.

కీమో అనగానే మన కళ్ల ముందు మెదిలేది మంచం, స్టాండుకు వేలాడే సెలైన్ సీసా. ఆ సీసా వెనక చాలా తతంగం ఉంటుంది. ఒక నర్సు రోగి పేరు, ఫైలు నంబరు అడుగుతుంది. ఇంకో నర్సు మోతాదు సరిచూస్తుంది. ఆ పొద్దు చేసిన రక్తపరీక్ష చూడనిదే సూది గుచ్చరు. చేతులకు తొడుగులు ఉంటాయి. చివర ఇద్దరూ సంతకం పెడతారు. అదే కీమో గోలీ రూపంలో ఉందనుకోండి. కిటికీలోంచి చీటీ లోపలికి వస్తుంది, సంచీ బయటికి పోతుంది. "పొద్దున నాలుగు, రాత్రి నాలుగు, తిన్నాక. తర్వాతెవరు?" అర నిమిషం. ఆ తర్వాత జరగవలసిందంతా ఇంట్లోనే. నర్సు పని కోడలి మీద పడుతుంది, లెక్కల పని ఏడో తరగతి చదివే మనవడి మీద పడుతుంది.

మందు మాత్రం అదే మందు. గోలీ అయినంత మాత్రాన దాని పదును తగ్గదు.

కొన్నేళ్ల కిందటి సంగతి ఒకటి చెబుతాను. శంషాబాద్ అవతలి నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. పెద్దపేగు కేన్సర్. ఆపరేషన్ అయింది, కాపెసిటబిన్ గోలీలు రాశారు. రెండు వారాలు వేసుకోవాలి, ఒక వారం ఆపాలి, మళ్లీ రెండు వారాలు. మూడు వారాలకొక విడత. ప్రతి విడతకూ రావాలంటే బస్సు ఖర్చు, ఆయనకో రోజు కూలి, తోడొచ్చే కొడుక్కి ఇంకో రోజు కూలి పోతుంది. "రెండు సార్లవి ఒక్కపారే ఇయ్యుండ్రి సారూ" అని బతిమాలాడు. కాదనలేకపోయాను. ఇచ్చాను. రెండు వారాలు వేసుకుని వారం ఆపమని నోటితో చెప్పాను. ఆయన తలూపాడు. మన పెద్దవాళ్లు డాక్టరు ముందైనా, ఫార్మసిస్టు ముందైనా, బ్యాంకు గుమాస్తా ముందైనా తలూపుతారు. అర్థమైందని కాదు, ఎదుటి మనిషి మాటకు మర్యాద ఇవ్వడమది.

నాలుగో వారం చివర కొడుకు ఆయన్ని దాదాపు మోసుకొచ్చాడు. నోరంతా పుండ్లు. రెండ్రోజులుగా విరేచనాలు. అరచేతులూ అరికాళ్లూ గోరింటాకు పెట్టి కడిగినట్టు ఎర్రగా, తోలు లేచిపోతూ ఉన్నాయి.

"గోలీలు ఎట్ల వేసుకున్నవ్ పెద్దయ్యా?"

"ఉన్నన్ని దినాలు వేసుకున్న సారూ. మందు నడుమల ఇడిస్తె బీమారి తిరగబడ్తదంటరు గద."

ఇరవై ఎనిమిది రోజులు, ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాడు. క్రమశిక్షణలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఆసుపత్రిలో చేర్చారు, కోలుకున్నాడు. తప్పు మాత్రం నాది. చాలా రోజులు దాని గురించే ఆలోచించాను. చివరికి నాకు తోచిందేమిటంటే, "కోర్సు మొత్తం వాడాలి, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది" అని జనానికి నూరిపోసింది మేమే. టీబీ మందుకు, యాంటీబయాటిక్‌కు అది సరైన మాట. దశాబ్దాలుగా గోడల మీద రాశాం, రేడియోలో చెప్పాం, బాగా ఎక్కింది. ఆ పాఠం నేర్చుకున్న మనిషి చేతిలో నలభై రెండు రోజుల మందు పెడితే, అందులో పద్నాలుగు రోజులు ఖాళీగా ఉండాలని ఆయనకు ఎందుకు తోస్తుంది? గోలీ కనిపిస్తుంది. ఖాళీ రోజు కనిపించదు. కనిపించనిదాన్ని సంచీలో పెట్టి ఇవ్వడం మాకు చేతకాలేదు.

ఇప్పుడు మీ పక్కనున్న స్ట్రిప్పులు తీయండి. ఒక చిన్న లెక్క వేద్దాం.

కాపెసిటబిన్ మోతాదును ఎత్తూ బరువూ కలిపి కడతారు. దానికి శరీర ఉపరితల వైశాల్యం అని పెద్ద పేరు. ఒకరికి అది 1.6 చదరపు మీటర్లు వచ్చిందనుకోండి. చదరపు మీటరుకు 1,250 మిల్లీగ్రాముల లెక్కన పూటకు 2,000 మిల్లీగ్రాములు. అంటే 500 గోలీలు పొద్దున నాలుగు, రాత్రి నాలుగు. రోజుకు 8, పద్నాలుగు రోజులకు 112. మన దగ్గర స్ట్రిప్పుకు సాధారణంగా పదేసి ఉంటాయి. పదకొండు స్ట్రిప్పులిచ్చి, పన్నెండోది కత్తిరించి రెండు గోలీలు ఇవ్వాలి. దుకాణంవాళ్లు కత్తిరించరు, పన్నెండూ ఇచ్చేస్తారు. మిగిలేవి 8. సరిగ్గా ఒక రోజు మోతాదు! ఆ ఇంట్లో పదిహేనో రోజు ఏం జరుగుతుందో మీరే ఊహించండి. పోనీ కత్తిరించి ఇచ్చారా, గడువు తేదీ అచ్చయిన ముక్క దుకాణంలో ఉండిపోతుంది, గోలీలు ఇంటికి పోతాయి.

అందరికీ ఇదే మోతాదు కాదు సుమా. కిడ్నీ పనితీరు తగ్గినవారికి తగ్గిస్తారు, పోయిన విడతలో బాధలు ఎక్కువైనవారికి తగ్గిస్తారు. నేను చెప్పిన అంకెలను మీ చీటీతో పోల్చి మార్చుకోకండి. మీ చీటీలో ఉన్నదానికీ, మీ సంచీలో ఉన్నదానికీ లెక్క కుదిరిందో లేదో అది మాత్రం చూసుకోండి. కుదరకపోతే రేపు ఫోన్ చేసి అడగండి.

ఈ ఖాళీ రోజుల వ్యవహారం ఒక్కో మందుకు ఒక్కో రకం. మెదడు గడ్డలకు వాడే టెమోజోలమైడ్ ఉంది. రేడియేషన్ ఇస్తున్నంత కాలం, అంటే దాదాపు ఆరు వారాలు, తక్కువ మోతాదులో రోజూ వేసుకోమంటారు. తర్వాత కొన్నాళ్లు ఆపుతారు. ఆపై మోతాదు పెంచి, 28 రోజుల్లో ఐదు రోజులే వేసుకోమంటారు. మనిషి అదే, మందు పేరు అదే, నియమం తలకిందులు. ఆరు వారాలు రోజూ మింగి అలవాటుపడ్డ చేతికి, ఇప్పుడు ఐదు రోజులే అని కిటికీ దగ్గర గట్టిగా చెప్పకపోతే ఆ చెయ్యి ఆగదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే గోలీ మాత్రం ఇంకొకటి. దాని పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్లారు. 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే మందులనూ అదే బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కేన్సర్‌తో చనిపోతున్న పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. అంతకుముందు ఆ పిల్లలకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు, యాభై మూడేళ్ల వయసులో. ఆ అమినోప్టెరిన్‌కు తమ్ముడే మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ పిల్లల రక్త కేన్సర్ చికిత్సలో ఉంది. చిన్న మోతాదులో కీళ్లవాతానికీ, సొరియాసిస్‌కూ ఇస్తున్నారు.

ఈ చిన్న మోతాదు గోలీని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా ఆరు రోజులూ వేసుకోకూడదు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతింటుంది, నోరూ పేగులూ పుండ్లవుతాయి, ప్రాణం పోతుంది. ప్రపంచమంతా ఈ పొరపాటుకు మనుషులు చనిపోయారు. రాసేటప్పుడు డాక్టరు అలవాటుగా రోజుకు ఒకటి అని రాసి ఉండొచ్చు, ఇచ్చేటప్పుడు కవరు మీద మాలాంటివాళ్లం రాసి ఉండొచ్చు, ఇంట్లో షుగరు గోలీలతో కలిసిపోయి ఉండొచ్చు. దానికితోడు ఇంకో చిక్కు. మెథోట్రెక్సేట్ వాడే కీళ్లవాతం వాళ్లకు దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తారు. చాలా కంపెనీల్లో రెండూ చిన్నవే, రెండూ పసుపుపచ్చవే. ఒకటి విషానికి దగ్గరి మందు, ఇంకొకటి దానికి విరుగుడు లాంటిది. ఒకే ప్రయోగశాలలో వెలుగు చూసిన జంట ఇక్కడ ఒకే సంచీలో, ఒకే రంగులో! అమెరికాలో మందుల పొరపాట్ల మీద పనిచేసే ఐ.ఎస్.ఎం.పి. సంస్థ, ఆసుపత్రి కంప్యూటరులో ఈ మందు పేరు కొట్టగానే వారానికోసారి అన్నది దానంతటదే వచ్చేలా పెట్టమని సలహా ఇచ్చింది. రోజూ కావాలంటే, కేన్సర్‌కే వాడుతున్నామని కారణం చెబితే తప్ప ముందుకు పోనివ్వదు.

మా కిటికీకి కంప్యూటరు కన్నా మంచి ఉపాయం ఒక అమ్మ నేర్పింది. వారానికోసారి అని నేను చెబుతుంటే ఆమె అడిగింది, "ఏ వారం సారూ?" అని. మన భాషలో వారమంటే ఏడు రోజులూ వారమే, ఒక్క రోజూ వారమే. శనివారం పట్టేవాళ్లున్నారు, గురువారం పట్టేవాళ్లున్నారు. ఆ రోజు ఏం తినకూడదో, ఏం ముట్టకూడదో ఇంటిల్లిపాదికీ తెలుసు, చెప్పాల్సిన పనిలేదు. అప్పటి నుంచి నేను వారానికోసారి అనడం మానేశాను. చీటీ మీద రోజు పేరు రాయించుకుంటాను, కవరు మీద ఆ రోజు పేరే అరచేయంత అక్షరాల్లో రాస్తాను.

పిల్లల రక్త కేన్సర్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. చికిత్స చివరి దశలో ఇంటి దగ్గరే చాలా నెలలు గోలీలు వాడతారు. 6-మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికోసారి. రెండు స్ట్రిప్పులు, రెండు నియమాలు, ఒకే తల్లి. అవి తారుమారైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో తాతకు యూరిక్ యాసిడ్‌కని తెచ్చిన అలోప్యూరినాల్ గోలీ ఆ పిల్లవాడికి ఎవరైనా వేశారంటే, మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లో కరగక పేరుకుపోతుంది. ఆ రెండూ కలిపి ఇవ్వక తప్పకపోతే డాక్టర్లు మోతాదును పావు వంతుకు దించేస్తారు.

ఇంతసేపూ ఆపవలసిన రోజుల గురించే చెప్పాను. అసలు ఆపకూడని గోలీలూ ఉన్నాయి, అక్కడ తలనొప్పి ఇంకో రకం. మన బెంగళూరు హైవే మీద శంషాబాద్ దాటి వెళ్తే కొత్తూరు వస్తుంది. నాట్కో కంపెనీ గోలీల ఫ్యాక్టరీ అక్కడే ఉంది. 2003లో వీనాట్ అనే పేరుతో ఆ కంపెనీ ఇమాటినిబ్‌ను తెచ్చింది. దీర్ఘకాలిక రక్త కేన్సర్‌కు అసలు కంపెనీ నోవార్టిస్ మందు నెలకు లక్ష రూపాయలు దాటే రోజులవి. తర్వాత 2012 మార్చి 9న, కాలేయ, మూత్రపిండాల కేన్సర్లకు వాడే సోరాఫెనిబ్‌ను తయారుచేసుకోవచ్చని పేటెంట్ల కంట్రోలర్ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. బేయర్ కంపెనీ నెలకు దాదాపు 2,80,000 రూపాయలకు అమ్ముతున్న 120 గోలీలు 9,000 లోపుకు దిగాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఇమాటినిబ్ తలుపులూ పూర్తిగా తెరుచుకున్నాయి. 2019 ఫిబ్రవరిలో 42 కేన్సర్ మందుల మీద వ్యాపారుల లాభాన్ని 30 శాతానికి కట్టడి చేశారు. ధర కోసం జరిగిన ఈ పోరాటం చిన్నది కాదు, మన పొరుగు ఊరి పేరు అందులో ఉన్నందుకు నాకు గర్వంగానే ఉంటుంది. అయితే ధర దిగింది కాబట్టే ఇన్ని గోలీలు ఇన్ని ఇళ్లలోకి వచ్చాయి. ఫ్యాక్టరీ గేటు నుంచి నోటి దాకా ఉన్న దారిలో చివరి మూర గురించి ఎవరూ కోర్టుకు వెళ్లలేదు.

ఇమాటినిబ్ రోజూ వేసుకోవాలి, ఏళ్ల తరబడి. తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో. కొన్ని నెలలకు మనిషి పూర్తిగా కుదుటపడతాడు. పొలం పనికి పోతాడు, ఆటో నడుపుతాడు. జబ్బే లేనప్పుడు మందెందుకు అనిపిస్తుంది. లండన్‌లో ఈ మందు వాడుతున్న 87 మందికి గోలీల సీసా మూతలో చిన్న చిప్ పెట్టి మూడు నెలలు గమనించారు. మూత తీసిన ప్రతిసారీ అది లెక్క రాసుకుంటుంది. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో, 90 శాతం కన్నా ఎక్కువ గోలీలు వేసుకున్నవారిలో జబ్బు లోతుగా అణిగింది, అంతకు తగ్గినవారిలో చాలామందికి అణగలేదు. 90 శాతమంటే నెలకు మూడు రోజులు తప్పడం. పెళ్లికి ఊరెళ్లి సంచీ మరిచిపోతే చాలు, మూడు రోజులు పోతాయి. రొమ్ము కేన్సర్‌కు టామాక్సిఫెన్ అయితే ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. నాలుగో ఏట రోగికి తోడుగా ఆసుపత్రికి వచ్చేవాళ్లే ఉండరు.

ఇక తిండి సంగతి. పరగడుపున వేసుకోవాల్సినవి కొన్ని, తిన్న అరగంటలోపు వేసుకోవాల్సినవి కొన్ని. కాపెసిటబిన్ తిన్నాక. సోరాఫెనిబ్, లపాటినిబ్ పరగడుపున. ప్రోస్టేట్ కేన్సర్‌కు వాడే అబిరటెరోన్‌ను నూనె, నెయ్యి బాగా పడ్డ భోజనం మీద వేసుకుంటే ఒంట్లోకి ఎక్కే మందు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పండగ నాడు పులిహోర, బొబ్బట్లు తిని ఆ గోలీ వేసుకున్నాయన పరిస్థితి ఆలోచించండి. మన ప్రాంతంలో రంజాన్ నెల కూడా గుర్తుంచుకోవాలి. అత్తాపూర్‌లో, కాటేదాన్‌లో రోజా పట్టే రోగులున్నారు. మాకు చెప్పకుండా రెండు పూటల మందునూ వాళ్లే సర్దుకుంటారు. సహరికీ ఇఫ్తార్‌కూ మధ్య వేళలు చూసి, నీళ్లు సరిపోతాయో లేదో చూసి డాక్టరు దారి చెప్పగలరు. అడిగితే తిడతారేమోనని అడగరు. ముందు మేమే అడగాలి. ఇక గ్యాస్ గోలీ! మన జనానికి అది మందే కాదు, వక్కపొడి లాంటిది. ఎర్లోటినిబ్, గెఫిటినిబ్ లాంటి ఊపిరితిత్తుల కేన్సర్ గోలీలు కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. రోజూ గ్యాస్ గోలీ వేసుకునే మనిషికి వేలు పోసి కొన్న మందులో కొంత భాగం అందకుండానే పోతుంది. చీటీలో లేనివేం వాడుతున్నారని అడిగితే ఏమీ లేవంటారు. గ్యాస్ గోలీ, తిప్పతీగ కషాయం వాళ్ల లెక్కలో మందులు కావు మరి.

ఇళ్లలో చూసిన విషయాలు కొన్ని. గొంతు కేన్సర్, నోటి కేన్సర్ వచ్చినవాళ్లకు గోలీ మింగుడుపడదు. గుట్కా పుణ్యమా అని అలాంటివాళ్లు మన దగ్గర చాలామంది. ఇంట్లోవాళ్లు ఆ గోలీని అల్లం వెల్లుల్లి దంచే రోట్లో వేసి దంచుతారు. ఆ పొడి గాల్లో లేస్తుంది, పక్కన కడుపుతో ఉన్న కోడలు ఉండొచ్చు. మరుసటి పొద్దున అదే రోట్లో అల్లం. కేన్సర్ గోలీని మీ అంతట మీరు దంచకండి, విరవకండి, క్యాప్సూల్ విప్పకండి. మింగలేకపోతున్నారని చెబితే ఆసుపత్రిలో వేరే దారి చూస్తారు. గోలీని ముట్టుకునేది వేసుకునే మనిషే అయితే మంచిది. వేరేవాళ్లు అందించాల్సి వస్తే చేతికి తొడుగు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

రాజేంద్రనగర్‌వాళ్లకు ఈ జాగ్రత్త కొత్త కాదు. ఇక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, మొక్కల ఆరోగ్యం చూసే జాతీయ సంస్థ ఉంది. పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఎందుకుంటుందో ఇక్కడ పిల్లలకూ తెలుసు. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రాని రైతుకు కూడా ఆ రంగు మాట్లాడుతుంది. కేన్సర్ గోలీ స్ట్రిప్పు మీద చీమంత ఇంగ్లీషు అక్షరాలుంటాయి. చీమకైనా చదవడం కష్టం.

దాచే చోటు గురించి కూడా చెప్పాలి. మన విమానాశ్రయం సరుకుల టెర్మినల్‌లో మందుల కోసమే ఒక విభాగం ఉంది. విదేశాలకు వెళ్లే పెట్టెలకు ఎండ తగలకుండా, ఉష్ణోగ్రత అదుపు తప్పకుండా చూసుకునే చోటు. అలాంటి గోలీలే మన వీధిలో మే నెల ఎండకు స్కూటర్ డిక్కీలో గంటసేపు వేగుతాయి, ఇంటికొచ్చాక ఫ్రిజ్ పైన వేడిలో, లేదా దేవుడి గూట్లో దీపం పక్కన ఉంటాయి. చల్లగా, పొడిగా ఉండే బీరువా అరలో, పిల్లలకు అందకుండా, ఇంట్లో మిగతావాళ్ల మందులతో కలవకుండా పెట్టండి చాలు. మిగిలిపోయిన గోలీలను చెత్తబుట్టలో వేయొద్దు. పక్కింటామెకూ అదే జబ్బని ఇవ్వొద్దు. ఇచ్చేవాళ్లున్నారు, మంచి మనసుతోనే ఇస్తారు. తిరిగి మా కిటికీ దగ్గరికే తీసుకురండి.

మరి కిటికీ ఏం చేయాలి? 2008 జనవరిలో బ్రిటన్ రోగుల భద్రతా సంస్థ తమ దేశపు ఆసుపత్రులన్నిటికీ ఒక హెచ్చరిక పంపింది. అంతకుముందు నాలుగేళ్లలోపు నోటితో వేసుకునే కేన్సర్ మందుల పొరపాట్లతో ముగ్గురు చనిపోయారనీ, మరో 400 ఘటనలు తమ దృష్టికి వచ్చాయనీ చెప్పింది. ఎక్కించే కీమోకు ఏ నియమాలో గోలీకీ అవే నియమాలని ఆ హెచ్చరిక సారాంశం. ముఖ్యంగా, మందిచ్చే మనిషి చేతికి చికిత్స ప్రణాళిక అందాలి, అది లేకుండా ఇవ్వకూడదు. మన దగ్గర చాలా చోట్ల ఫార్మసిస్టు చేతికి వచ్చేది చీటీ ఒక్కటే. ఏ కేన్సరో, ఎన్నో విడతో, ఈ వారం బరువెంతో, తెల్లకణాలెన్నో తెలియకుండా మేం గోలీలు లెక్కపెడతాం. ఇది చూపులేని లెక్క. మన ఫార్మసీ చట్టం కూడా 1948 నాటిదే, మందు చీటీకి మందివ్వడానికి అర్హత ఉన్న ఫార్మసిస్టే కావాలని అందులో ఉంది. 2015 నిబంధనలు రోగికి వివరించి చెప్పడం కూడా ఫార్మసిస్టు పనే అన్నాయి. 2008 నుంచి ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు ఉంది, ఈ నగరం చుట్టూ ఎన్ని కాలేజీలో! చదివిన పిల్లలు ఉద్యోగాల కోసం వేరే పనుల్లోకి పోతున్నారు, కిటికీ దగ్గర వరుస అలాగే ఉంది.

నాకు అధికారం ఉంటే ముందు కిటికీ బయట ఒక కుర్చీ వేయిస్తాను. నిలబడ్డ మనిషి వెనకవాళ్ల తోపులాటలో ఏదీ వినడు. ఒక్క విడతకు మించి గోలీలు ఇవ్వను, బస్సు చార్జీ నేనే పెట్టుకోవాల్సి వచ్చినా సరే. పేరొక్కటే పిలిచి ఇవ్వను, లక్ష్మి అని పిలిస్తే వరుసలో నలుగురు లేస్తారు. గోలీలు లెక్కపెట్టే పళ్లెం వేరుగా ఉంచుతాను. నేను లెక్కపెట్టినదాన్ని ఇంకొకరు నా మొహం చూడకుండా మళ్లీ లెక్కపెట్టాలి. వారానికి ఒక ఫోన్, ముఖ్యంగా మొదటి విడతలో. కాపెసిటబిన్ ఒంటికి పడనివాళ్లు అరుదుగా ఉంటారు, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండేవాళ్లు. వాళ్ల బాధ మొదటి విడతలోనే బయటపడుతుంది. జ్వరం 100.4 దాటినా, విరేచనాలు ఆగకపోయినా, నోరు పుండై తినలేకపోయినా, అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా గోలీ ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి, రాత్రయినా సరే. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు వేసుకోకూడదు. వేసుకున్నాక వాంతయితే ఇంకోటి వేసుకోకూడదు, అడగాలి. మందువల్ల ఇబ్బంది వచ్చిందని చెప్పడానికి దేశమంతటికీ ఒక ఉచిత నంబరు ఉంది, రాసుకోండి: 1800 180 3024. మళ్లీ చెబుతున్నాను, 1800 180 3024. రోగులు కూడా చేయొచ్చు.

కుర్చీ ఇంకా రాలేదు. ఒక ప్లాస్టిక్ స్టూలు సంపాదించాను. కిటికీ పక్క గోడకు తెలుగు క్యాలెండర్ ఒకటి తగిలించాను, ఏకాదశులూ అమావాస్యలూ ఉండేది. మొన్న ఒకామె వచ్చింది, పోలేపల్లి దారిలో ఏదో ఊరు, కాపెసిటబిన్ మొదటి విడత. క్యాలెండర్ కాగితం నకలు మీద గోలీ రోజులకు సున్నాలు చుట్టాను, ఆపే రోజుల మీద అడ్డగీతలు కొట్టాను. ఇప్పుడు మీ కోడలికి చెప్పినట్టు నాకు చెప్పమ్మా అన్నాను. వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది. ఒకసారి తప్పింది, దిద్దుకుంది. గీతలు కొట్టిన రోజుల మీద వేలు పెట్టి, "గివి గోలీకి ఉపాసమా సారూ?" అంది.

అవునమ్మా అన్నాను.

ఆమె సంచీ ముడేసి లేచింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. "మరి ఆ ఏడు దినాలు బీమారి ఊకుంటదా?"

వెనక వరుసలో పదిహేను మంది ఉన్నారు. మళ్లీ కూర్చోమన్నాను. రక్తం పుట్టే మూలుగ, నోటి తోలు ఆ ఏడు రోజుల్లోనే మళ్లీ చిగురిస్తాయని, అవి చిగురించకపోతే తర్వాతి విడతకు ఒళ్లు ఆగదని, జబ్బు వాటంత తొందరగా తేరుకోలేదని చెప్పాను. ఆమె క్యాలెండర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది, గోలీల సంచీ కొడుక్కి ఇచ్చింది.